ఫలితం వివాదమైనప్పుడు: కెన్యా ఎన్నికలు, న్యాయస్థానాలు, క్రైస్తవ సంఘాలు – ఒక చారిత్రక పరిశీలన

2008 జనవరి 1వ తేదీన కెన్యా దేశంలోని ఎల్డోరెట్ పట్టణానికి సమీపంలో, కియాంబా అనే గ్రామంలో ఒక చిన్న మందిరానికి నిప్పు పెట్టారు. అది కెన్యా అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘానికి చెందిన మందిరం. ప్రాణభయంతో లోపల తలదాచుకున్నవారు కికుయు తెగవారు. వారిలో అధికులు స్త్రీలు, పిల్లలు. దాదాపు 30 మంది మరణించారు. దాడి చేసినవారు పొరుగునే నివసించే కలెంజిన్ తెగ యువకులని తరువాత జరిగిన విచారణలో తేలింది. ఆ తెగవారిలోనూ అత్యధికులు క్రైస్తవులే. అంతకు రెండు రోజుల ముందు, అనగా 2007 డిసెంబరు 30వ తేదీ సాయంత్రం, రాజధాని నైరోబీలో దేశాధ్యక్ష ఎన్నిక ఫలితం ప్రకటించబడింది.

ఆ ప్రకటనకూ ఈ మంటలకూ మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఓడిపోయినవాడు ఫలితాన్ని ఒప్పుకోకపోవడం వల్లనే ప్రజాస్వామ్యానికి ప్రమాదం వస్తుందని సాధారణంగా అనుకుంటాం. కెన్యా చరిత్ర చదివిన కొలదీ ఈ అభిప్రాయం సరికాదని నాకు తోస్తున్నది. ఎన్నిక ఉన్నచోట వివాదం ఉంటుంది. ఆ వివాదాన్ని ఇరుపక్షాలవారూ నమ్మి తీసుకొని వెళ్ళగల స్థలం ఒకటి ఉన్నదా లేదా అనేది అసలు ప్రశ్న. కెన్యాలో అటువంటి స్థలాలు 2007కు ముందు పదిహేనేళ్ళ కాలంలో ఒకటొకటిగా మూసుకుపోయాయి. న్యాయస్థానం వాటిలో ఒకటి. క్రైస్తవ సంఘం మరొకటి.

కోర్టు గుమ్మం

బహుళ పార్టీల విధానం పునరుద్ధరించబడిన తరువాత కెన్యాలో మొదటి ఎన్నిక 1992లో జరిగింది. అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ సుమారు 36 శాతం ఓట్లతోనే గెలిచారు, ఎందుకంటే ప్రతిపక్షం మూడు ముక్కలైంది. రెండవ స్థానంలో నిలిచిన కెన్నెత్ మాటిబా ఫలితాన్ని సవాలు చేస్తూ కోర్టులో పిటిషను వేశారు. మాటిబా అంతకుముందు మోయ్ ప్రభుత్వ నిర్బంధంలో ఉండగా పక్షవాతానికి గురయ్యారు. సంతకం చేయగల స్థితి లేనందున, చట్టప్రకారం అధికారపత్రం పొంది ఆయన భార్య సంతకం చేసింది. అభ్యర్థి స్వయంగా సంతకం చేయలేదన్న కారణంతో న్యాయస్థానం ఆ పిటిషను కొట్టివేసింది. ఓట్లలో మోసం జరిగిందా లేదా అన్న ప్రశ్న విచారణకే రాలేదు.

1997లో మళ్ళీ మోయ్ గెలిచారు. ఈసారి రెండవ స్థానంలో ఉన్న మ్వాయి కిబాకి కోర్టుకు వెళ్ళారు. పిటిషను ప్రతిని మోయ్ చేతికి స్వయంగా అందించలేదు గనుక అది చెల్లదని 1999లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. సాయుధ రక్షకుల మధ్య ఉండే దేశాధ్యక్షుని చేతికి ఒక సామాన్య ఫిర్యాదుదారు కాగితం ఎలా అందించగలడు? ఆ సంగతి న్యాయమూర్తులకు తెలియనిదేమీ కాదు.

ఈ కిబాకియే 2007లో అధికారంలో ఉన్నారు. ఆయన ప్రత్యర్థి రైలా ఒడింగాను అప్పుడు అందరూ అడిగారు, ఫలితం మీద అభ్యంతరముంటే కోర్టుకు వెళ్ళవచ్చు కదా అని. ఒడింగా పక్షం నిరాకరించింది. చట్టాన్ని గౌరవించలేదని వారిని నిందించడం తేలికే. కాని మాటిబా సంతకం, కిబాకి కాగితం అందరికీ జ్ఞాపకమున్న దేశం అది.

మన దేశ చరిత్రలోనూ ఒక ఉదాహరణ ఉన్నది. 1971 ఎన్నికలలో రాయబరేలీ నుండి ఇందిరాగాంధీ ఎన్నికను రాజ్ నారాయణ్ సవాలు చేశారు. అలహాబాదు హైకోర్టు తీర్పు 1975 జూన్ 12న వెలువడింది. జూన్ 25న అత్యవసర పరిస్థితి విధించబడింది. తీర్పు ధైర్యమైనదే గాని నాలుగేళ్ళు ఆలస్యమైంది. ఆలస్యమైన కొలదీ దాని బరువు పెరిగింది. ఇంత దూరం ఎందుకు, మన సంఘాలలో జరిగే ఎన్నికల వివాదాలు ఎన్నేళ్ళు కోర్టులలో నలుగుతున్నాయో పాఠకులకు నేను చెప్పనవసరం లేదు.

వరుసలో నిలబడని కాపరులు

సంఘం ఆ దేశంలో నమ్మకాన్ని ఎలా సంపాదించుకున్నదో ముందు చెప్పాలి. 1980వ దశకంలో కెన్యాలో ఒకే పార్టీ ఉండేది. ఆ పార్టీ 1986లో రహస్య బ్యాలెట్ తొలగించి ఒక కొత్త పద్ధతి తలపెట్టింది. ఓటర్లు బహిరంగంగా తమ అభ్యర్థి మనిషి వెనుక వరుసలో నిలబడాలి, అధికారి తలలు లెక్కపెడతాడు. స్వాహిలీ భాషలో దీనిని 'మ్లోలోంగో' అన్నారు. దీనిని మొదట ఎదిరించినవారు సంఘ కాపరులు. వారి వాదన ఎంతో ఆచరణాత్మకమైనది: ఒక కాపరి ఒక అభ్యర్థి వెనుక అందరి ఎదుట నిలబడితే, రెండవ వరుసలో నిలిచిన తన సంఘస్థులకు మరుసటి ఆదివారం రొట్టె ఎలా విరిచి ఇస్తాడు? కెన్యా జాతీయ క్రైస్తవ సంఘాల సమితి ఈ పద్ధతికి వ్యతిరేకంగా ప్రకటన చేసింది. అయినప్పటికీ 1988లో అదే పద్ధతిలో ఎన్నికలు జరిగాయి. పొడుగైన వరుస ఓడిపోయి పొట్టి వరుస గెలిచిన చోట్లు చాలా ఉన్నాయి. లెక్కించిన తరువాత వరుస చెదిరిపోతుంది, తిరిగి లెక్కించడానికి ఏమీ మిగలదు.

ఆ రోజులలో మాట్లాడినవారి పేర్లు కెన్యా సంఘ చరిత్రలో నిలిచిపోయాయి. ఆంగ్లికన్ బిషప్పు డేవిడ్ గిటారి ఇంటి మీద 1989లో దుండగులు దాడి చేశారు. ప్రెస్బిటేరియన్ బోధకుడు తిమోతి న్జోయా 1990 నూతన సంవత్సర ప్రసంగంలో, తూర్పు ఐరోపాలో కూలినట్లే ఆఫ్రికాలోనూ ఏకపార్టీ పాలన కూలుతుందని సూచించారు. బిషప్పు హెన్రీ ఒకుల్లు బహుళ పార్టీల విధానం కావాలని బహిరంగంగా కోరారు. బిషప్పు అలెగ్జాండర్ ముగే సంగతి వేరుగా చెప్పదగినది. ఆయన కలెంజిన్ తెగలోని నాండి శాఖకు చెందినవారు. మోయ్ కూడా కలెంజినే. సొంత తెగ అధ్యక్షుణ్ణి విమర్శించే కాపరిని ఎవరూ తెగ పక్షపాతి అనలేరు. బుసియా ప్రాంతానికి వస్తే ప్రాణాలతో తిరిగి వెళ్ళకపోవచ్చునని ఒక మంత్రి ఆయనను హెచ్చరించాడు. ముగే 1990 ఆగస్టు 14న బుసియాకు వెళ్ళారు. తిరిగి వస్తుండగా రోడ్డు ప్రమాదంలో మరణించారు.

రెండు పక్షాలుగా

2002లో మోయ్ పదవి దిగిపోయారు. కిబాకి, ఒడింగా ఇద్దరూ ఒకే కూటమిలో ఉండి గెలిచారు. అప్పటివరకు ప్రభుత్వానికి దూరంగా నిలిచిన సంఘ నాయకులు కొత్త ప్రభుత్వాన్ని తమ స్వంతదిగా భావించారు. నా అభిప్రాయంలో సంఘం తన స్థానాన్ని పోగొట్టుకున్నది హింసించిన మోయ్ కాలంలో కాదు, ఆదరించిన కిబాకి కాలంలో. 2005లో నూతన రాజ్యాంగంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగే నాటికి కూటమి చీలింది. కిబాకి పక్షం అరటిపండు గుర్తు, ఒడింగా పక్షం నారింజ గుర్తు. ప్రజలు రాజ్యాంగ ముసాయిదాను తిరస్కరించారు. ఆ తరువాత దేశం తెగల వారీగా రెండుగా నిలిచింది.

సంఘాలు కూడా అట్లే నిలవడానికి ఒక చారిత్రక కారణమున్నది. మిషనరీలు వచ్చిన కాలంలో సంస్థలు తమలో తాము ప్రాంతాలను పంచుకొన్నాయి. స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్లు కికుయుల మధ్య, ఆఫ్రికా ఇన్లాండ్ మిషన్ వారు కలెంజిన్, కాంబా ప్రజల మధ్య, క్వేకర్లు లుయ్యా ప్రజల మధ్య ఎక్కువగా పనిచేశారు. తెలుగు పాఠకులకు ఇది తేలికగా అర్థమవుతుంది. గుంటూరు లూథరన్లది, నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులవి, కడప లండన్ మిషన్ వారిది అన్న పంపకం మనకు తెలిసినదే. మన దగ్గర ఆ పంపకం కులంతో పెనవేసుకున్నది. అక్కడ తెగతో పెనవేసుకున్నది. సంఘ శాఖ పేరు చెబితే తెగ తెలుస్తుంది, తెగ తెలిస్తే ఓటు తెలుస్తుందన్న స్థితి ఏర్పడింది.

2007 ప్రచారంలో ఇది బహిరంగమైంది. తమ ప్రాంతపు అభ్యర్థిని దేవుడే ఏర్పరచుకున్నాడని ప్రార్థించిన కాపరులున్నారు. జాతీయ క్రైస్తవ సంఘాల సమితికి చాలాకాలం ప్రధాన కార్యదర్శిగా ఉన్న వ్యక్తి ఆ పదవి వదలి కిబాకి పక్షాన పార్లమెంటుకు పోటీ చేసి గెలిచారు. ఒడింగా ముస్లిం నాయకులతో చేసుకున్న ఒప్పందానికి భిన్నమైన ప్రతి ఒకటి సంఘాల మధ్య చేతులు మారింది. ఒడింగా గెలిస్తే దేశంలో షరియా వస్తుందన్న భయం ప్రసంగ వేదికల మీదికి ఎక్కింది. దానిని సరిచూసుకున్న కాపరులు కొద్దిమందే. చేతికి వచ్చిన కరపత్రాన్ని ఎవరు అచ్చువేశారని అడగకుండా ఆదివారం చదివి వినిపించే అలవాటు కెన్యాకే పరిమితమైనదని నేను అనుకోను.

మూడు రోజుల లెక్కింపు

పోలింగు 2007 డిసెంబరు 27న జరిగింది. ఓటర్లు చీకటితోనే వచ్చి ప్రశాంతంగా ఓటు వేశారు. పార్లమెంటు స్థానాలలో ఒడింగా పార్టీ 99, కిబాకి పార్టీ 43 గెలుచుకున్నాయి. ఉపాధ్యక్షునితో సహా చాలామంది మంత్రులు ఓడిపోయారు. అధ్యక్ష పదవి లెక్కలోనూ మొదట ఒడింగాకు పెద్ద ఆధిక్యం వచ్చింది. తరువాత మధ్య కెన్యా నుండి ఆలస్యంగా వచ్చిన లెక్కలతో అది కరగిపోసాగింది.

ఎన్నికల సంఘం అధ్యక్షుడు శామ్యూల్ కివుయిటు కొందరు రిటర్నింగు అధికారులు తనకు ఫోనులో దొరకడం లేదని విలేఖరులతోనే చెప్పారు. ఎన్నికల సంఘం సభ్యులను ప్రతిపక్షంతో సంప్రదించి నియమించాలని 1997లో కుదిరిన అవగాహనను కిబాకి ప్రభుత్వం ఎన్నికలకు ముందే పక్కన పెట్టింది గనుక, ఆయన మాటను నమ్మేవారు అప్పటికే తక్కువ. 30వ తేదీన లెక్కింపు కేంద్రంలో గొడవ జరిగింది. పోలీసులు హాలు ఖాళీ చేయించారు. కిబాకికి 45,84,721, ఒడింగాకు 43,52,993 ఓట్లు వచ్చినట్లు కివుయిటు ప్రకటించారు. తేడా సుమారు 2 లక్షల 32 వేలు. గంటలోపే, చీకటి పడుతుండగా, అధ్యక్ష భవనం ఆవరణలో కిబాకి ప్రమాణస్వీకారం చేశారు. అదే సాయంత్రం ప్రత్యక్ష ప్రసారాలను ప్రభుత్వం నిషేధించింది. జనవరి 2న, నిజంగా ఎవరు గెలిచారని అడిగితే కివుయిటు తనకు తెలియదని చెప్పారు.

ఆ తొందర గమనించదగినది. గెలిచానని నిశ్చయంగా ఎరిగినవాడు ఒక వారం ఆగగలడు. ప్రమాణస్వీకారమైన తరువాత ఫిర్యాదు విని ఏమి చేయగలరు?

దౌర్జన్యం అంతా ఆవేశంలో పుట్టినది కాదు. రిఫ్ట్ వ్యాలీలో స్వాతంత్ర్యం తరువాత తెల్లదొరల భూములు కొనుక్కొని స్థిరపడిన కికుయులపై భూమి కోసం కక్ష పాతదే. 1992, 1997 ఎన్నికల కాలంలోనూ అక్కడ ఇండ్లు తగలబడ్డాయి. స్థానిక భాషల రేడియోలలో కొన్ని ఈ కక్షను రాజేశాయి. జనవరి చివరిలో నైవాషా, నకూరు పట్టణాలలో కికుయు ముఠాలు ప్రతీకారం తీర్చుకున్నాయి. నైవాషాలో ఒకే ఇంటిలో 19 మందిని సజీవదహనం చేశారు. న్యాయమూర్తి ఫిలిప్ వాకి అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ మృతుల సంఖ్య 1,133 అని తేల్చింది. వారిలో 405 మంది తుపాకీ గాయాలతో చనిపోయారు, ఆ తూటాలలో అధికభాగం పోలీసులవి. నిరాశ్రయులైనవారు మూడున్నర లక్షలని ఆ కమిషన్ లెక్క. అంతకంటె చాలా ఎక్కువని చెప్పేవారూ ఉన్నారు.

ఈ ఆరు వారాలలో సంఘ నాయకులు సమాధానం కోసం పిలుపునిచ్చారు. ఎవరూ వినలేదు. కియాంబాలో తల్లులు పిల్లలను తీసుకొని మందిరంలోనికి పరుగెత్తినది బలిపీఠపు కొమ్ములు పట్టుకున్నట్లే. ఆ కొమ్ములను గౌరవించేవారు బయట లేకపోయారు. చివరికి ఇరుపక్షాలను కూర్చోబెట్టినది బయటివాడు, ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్. 2008 ఫిబ్రవరి 28న ఒప్పందం కుదిరింది. కిబాకి అధ్యక్షుడుగా, ఒడింగా ప్రధానమంత్రిగా అధికారం పంచుకున్నారు. అదే ఫిబ్రవరిలో జాతీయ క్రైస్తవ సంఘాల సమితి ఒక ప్రకటన చేసింది. ఎన్నికలలో తాము పక్షపాతం వహించామని, తెగల వారీగా విడిపోయామని, ఆ కారణంగా సంక్షోభ సమయంలో మాట్లాడే అర్హత కోల్పోయామని ఒప్పుకొని దేశాన్ని క్షమాపణ అడిగింది. సంఘ సమితులు చేసే తీర్మానాలు వందలు చదివాము. తమ తప్పును పేరు పెట్టి చెప్పిన తీర్మానాలు అరుదు.

గెలిచినదెవరో తేలిందా? దక్షిణాఫ్రికా విశ్రాంత న్యాయమూర్తి జోహాన్ క్రీగ్లర్ అధ్యక్షతన మరొక కమిషన్ దీనిని పరిశీలించింది. రెండు పక్షాల బలమైన ప్రాంతాలలోనూ అక్రమాలు జరిగాయని, లెక్కలు ఎంతగా చెడిపోయాయంటే నిజంగా ఎవరు గెలిచారో తేల్చడం అసాధ్యమని 2008 సెప్టెంబరులో చెప్పింది. ఆ ఎన్నికల సంఘాన్ని అదే సంవత్సరం రద్దుచేశారు.

పద్నాలుగు దినాలు

2010 ఆగస్టులో కెన్యా ప్రజలు కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించారు. అధ్యక్ష ఎన్నికపై అభ్యంతరముంటే ఫలితం వెలువడిన 7 దినాలలోగా నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళాలి. కోర్టు 14 దినాలలోగా తీర్పు చెప్పాలి. అంతవరకు ప్రమాణస్వీకారం ఉండదు. చీకటిలో జరిగిన ఆ ప్రమాణస్వీకారమే ఈ నిబంధనను వ్రాయించిందని చెప్పవచ్చు.

2013లో ఒడింగా మళ్ళీ ఓడిపోయి కోర్టుకు వెళ్ళారు. పిటిషను కొట్టివేయబడింది. తీర్పుతో ఏకీభవించలేనంటూనే దానికి లోబడ్డారు. 2017 ఆగస్టు ఎన్నికలో ఉహురు కెన్యాట్టా గెలిచినట్లు ప్రకటించినప్పుడు, సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు 4–2 మెజారిటీతో ఆ ఎన్నికను రద్దుచేసింది. ఆఫ్రికా ఖండంలో ఒక కోర్టు దేశాధ్యక్షుని ఎన్నికను రద్దుచేయడం అదే మొదటిసారి. ఎవరికి ఎన్ని ఓట్లు అన్నదానికంటె లెక్క ఎట్లా పైకి చేరిందన్నది ముఖ్యమని మెజారిటీ న్యాయమూర్తులు భావించారు. కంప్యూటర్ సర్వర్లు చూపించమని ఆదేశించినా ఎన్నికల సంఘం పూర్తిగా చూపించలేదు.

ఆ తీర్పు చెప్పిన ధర్మాసనానికి ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా. ఆయన పేరు కియాంబా కథలోనూ ఉన్నది. మందిర దహనం కేసులో నలుగురిని నకూరు హైకోర్టులో విచారించినది ఆయనే. పోలీసుల దర్యాప్తు నాసిరకంగా ఉన్నదని విమర్శించి, సాక్ష్యం చాలనందున 2009లో వారిని విడుదల చేశారు. ఆ మంటలకు శిక్షపడినవారు లేరు. అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో కెన్యాట్టా, విలియం రుటోల మీద నడిచిన కేసులు కూడా 2014, 2016 సంవత్సరాలలో ముగిసిపోయాయి. ప్రత్యర్థి పక్షాలలో ఉండి అభియోగాలు ఎదుర్కొన్న ఆ ఇద్దరూ ఒక్కటై 2013లో అధికారంలోనికి వచ్చారు.

తీర్పు ఉన్నంత మాత్రాన అంతా చక్కబడలేదు. కెన్యాట్టా తీర్పును అంగీకరించినా న్యాయమూర్తులను బహిరంగంగా దూషించారు. మళ్ళీ జరిగే ఎన్నికను ఆపాలన్న పిటిషను అక్టోబరు 25న విచారణకు రావలసి ఉండగా, ముందురోజు ఉపప్రధాన న్యాయమూర్తి అంగరక్షకుని మీద కాల్పులు జరిగాయి. మరునాడు ఏడుగురిలో ఇద్దరే న్యాయమూర్తులు హాజరయ్యారు. కోరం లేక విచారణ జరగలేదు. ఒడింగా బహిష్కరించిన ఆ ఎన్నికలో ఓటు వేసినవారు 40 శాతం కూడా లేరు.

2022 ఆగస్టు నాటికి పరిస్థితి మారింది. 46 వేలకు పైగా పోలింగు కేంద్రాల లెక్కల పత్రాలను ఎన్నికల సంఘం అందరూ చూడగలిగేటట్లు ఇంటర్నెట్టులో పెట్టింది. అయినా వివాదం తప్పలేదు. రుటో గెలిచారని ప్రకటించడానికి కొద్దిసేపటి ముందే ఏడుగురు కమిషనర్లలో నలుగురు ఆ ఫలితం మాది కాదన్నారు. 2007లో ఇటువంటి చీలిక వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. ఒడింగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. సెప్టెంబరు 5న కోర్టు ఏకగ్రీవంగా ఫలితాన్ని నిలబెట్టింది. ఒడింగా తీర్పుతో తీవ్రంగా విభేదిస్తూనే దానిని గౌరవిస్తానన్నారు. సెప్టెంబరు 13న పట్టపగలు, నిండిన క్రీడామైదానంలో ప్రమాణస్వీకారం జరిగింది. ఒడింగా 2025 అక్టోబరు 15న మన దేశంలోనే, చికిత్స కోసం వచ్చిన కేరళలో, మరణించారు. అధ్యక్ష పదవికి ఐదుసార్లు పోటీచేసి ఐదుసార్లూ ఓడిపోయిన మనిషి.

సంఘాల విషయంలో మార్పు ఇంకా నిదానంగా సాగింది. 2008 క్షమాపణ తరువాత కూడా రాజకీయ నాయకులు ఆదివారం ఆరాధనలకు వచ్చి, మందిర నిర్మాణానికి పెద్ద మొత్తాలు ప్రకటించి, వేదిక ఎక్కి ప్రత్యర్థులను తిట్టడం మానలేదు. కాపరులు మైకు ఇవ్వడమూ మానలేదు. 2021 సెప్టెంబరులో ఆంగ్లికన్ ఆర్చిబిషప్పు జాక్సన్ ఓలే సాపిట్, తమ సంఘాలలో రాజకీయ నాయకులు ప్రసంగ వేదిక మీద మాట్లాడకూడదని ప్రకటించారు. అది చెప్పిన రోజున ఒడింగాతో సహా నాయకులు ఎదుటనే కూర్చొని ఉన్నారు. 2024 నవంబరులో అధ్యక్షుడు రుటో నైరోబీలోని ఒక కతోలిక సంఘానికి ఇచ్చిన విరాళాన్ని ఆర్చిబిషప్పు ఫిలిప్ అన్యోలో తిప్పి పంపించారు. అందులో గాయకబృందానికి ఇచ్చిన సొమ్ము కూడా ఉన్నది.